కుక్కకాటుకు చెప్పుదెబ్బే విధానమా?

కుక్కకాటుకు చెప్పుదెబ్బ అన్న సామెత పుట్టిన రోజుల్లో మునిసిపాలిటీలు లేవు. రేబిస్ టీకా లేదు. కుక్కకు కూడా కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయవచ్చన్న ఊహే లేదు. ఇవన్నీ ఉన్న కాలంలోనూ మన పాలకులు వీధికుక్కల విషయంలో ఆ సామెతను దాటి ఒక్క అడుగు ముందుకు వేయలేదు. ఎక్కడో ఒక పసివాడిని కుక్కలు కరుస్తాయి. పత్రికల్లో ఫొటోలు వస్తాయి. కౌన్సిల్ సమావేశంలో సభ్యులు బల్లలు గుద్దుతారు. నాలుగు రోజులు వలలు పట్టుకుని బళ్లు తిరుగుతాయి, కొన్ని కుక్కలు మాయమవుతాయి. ఐదో రోజు నుంచి అంతా మామూలే, మరో పసివాడు కాటుకు గురయ్యేదాకా.

ఈ తంతులో రెండు హింసలున్నాయి. ఒకటి పిల్లవాడి మీద జరిగేది, రెండోది కుక్క మీద జరిగేది. మొదటిదానికి రెండోది విరుగుడు అని చాలామంది నమ్మకం. నిజానికి రెండూ ఒకే కొమ్మకు కాసిన కాయలు. స్థానిక సంస్థ తన రోజువారీ పని చేయనిచోట కుక్కలు పెరుగుతాయి, కాట్లు పెరుగుతాయి, జనం సహనం నశిస్తుంది, చివరకు కర్రలు, విషపు ఇంజెక్షన్లు బయటికొస్తాయి. కాబట్టి కుక్కల పట్ల దయ అనేది జంతుప్రేమికుల సొంత వ్యవహారం కాదు, అది పురపాలన. చరోదా లాంటి పట్టణం నుంచి చూస్తే ఈ సంగతి మరింత స్పష్టంగా కనిపిస్తుంది.

చరోదా అనగానే ఛత్తీస్‌గఢ్ బయట ఎవరికీ వెంటనే తెలియకపోవచ్చు. రైల్వేవారికి మాత్రం బాగా తెలుసు. భిలాయ్ మార్షలింగ్ యార్డు - పొట్టిగా బీఎంవై - ఉన్నది ఇక్కడే. సోవియట్ యూనియన్‌తో 1955లో కుదిరిన ఒప్పందంతో మొదలై, 1959లో తొలి బ్లాస్ట్‌ఫర్నేస్ వెలిగించుకున్న భిలాయ్ ఉక్కు కర్మాగారానికి ఖనిజం, బొగ్గు మోసే గూడ్సుబళ్లకు ఇదో పెద్ద కూడలి. ఆ బళ్ల వెంటే ఉత్తరాంధ్ర నుంచి తెలుగు కుటుంబాలూ వచ్చాయి. రైల్వేలో, ఉక్కు కర్మాగారంలో, వాటిని అంటిపెట్టుకున్న చిన్నచిన్న వ్యాపారాల్లో స్థిరపడ్డాయి. 2011 జనాభా లెక్కల్లో భిలాయ్-చరోదా పట్టణ జనాభా లక్షకు కాస్త తక్కువ.

రాత్రీ పగలూ షిఫ్టులు నడిచే ఊళ్లో వీధికుక్కతో మనిషికి రోజూ పనిపడుతుంది. అర్ధరాత్రి డ్యూటీ దిగి సైకిల్ మీదో మోటార్‌సైకిల్ మీదో ఇంటికి చేరాల్సిన కార్మికుడికి కుక్కల గుంపు అంటే భయం. అదే కార్మికుడు టీ దుకాణం దగ్గర బిస్కెట్ విరిచి వేసేదీ వాటికే. కారులో వెళ్లి కారులో దిగేవారికి కుక్క ఒక వాదన మాత్రమే. నడిచేవారికీ, ఆరుబయట ఆడుకునే పిల్లలకీ, వీధి మీదే బతికే పేదలకీ అది రోజువారీ వాస్తవం. కరిచేదీ వారినే, అన్నం పెట్టేదీ వారే.

పట్టణం స్వరూపమే ఇక్కడ సమస్యను మరింత జటిలం చేస్తోంది. దుర్గ్, భిలాయ్, భిలాయ్ నుంచి విడిపోయిన రిసాలీ, ఆ పైన భిలాయ్-చరోదా - ఒకే జిల్లాలో, దాదాపు ఒకే జనావాసంగా కలిసిపోయిన ప్రాంతంలో నాలుగు నగరపాలక సంస్థలు. వీటి మధ్యలో ఉక్కు కర్మాగారం టౌన్‌షిప్ వేరు, రైల్వే స్థలాలు, క్వార్టర్లు వేరు. రోడ్డుకు ఇవతల ఒక కమిషనర్, అవతల మరొకరు, పట్టాలు దాటితే రైల్వే అధికారి. కుక్కకు మాత్రం ఈ సరిహద్దులేవీ తెలియవు. ఒక కార్పొరేషన్ శ్రద్ధగా ఆపరేషన్లు చేయించినా పొరుగు కార్పొరేషన్ చేతులు ముడుచుకుంటే రెండేళ్లలో లెక్క మళ్లీ మొదటికొస్తుంది. ఎవరి పరిధి వారు చూసుకుంటే ఎవరి పనీ కాదు.

2025లో సుప్రీంకోర్టు ఈ తేనెతుట్టెను కదిపింది. ఢిల్లీలో కుక్కకాట్లు, రేబిస్ మరణాలపై వచ్చిన వార్తను జులై 28న తనంతట తానుగా విచారణకు స్వీకరించిన ధర్మాసనం, ఆగస్టు 11న సంచలన ఆదేశం ఇచ్చింది. రాజధాని ప్రాంతంలోని వీధికుక్కలన్నిటినీ పట్టి షెల్టర్లలో పెట్టాలి, తిరిగి వదలరాదు అన్నది దాని సారాంశం. దేశమంతటా నిరసన వ్యక్తమైంది. పదకొండు రోజులకే, ఆగస్టు 22న, న్యాయమూర్తులు విక్రమ్‌నాథ్, సందీప్ మెహతా, ఎన్.వి. అంజారియాలతో కూడిన ముగ్గురు సభ్యుల ధర్మాసనం దాన్ని సవరించింది. ఆపరేషన్ చేసి, టీకా వేసి, నులిపురుగుల మందు ఇచ్చి తెచ్చినచోటే వదలాలనీ, రేబిస్ సోకినవాటినీ మితిమీరి దాడి చేసేవాటినీ మాత్రం వదలరాదనీ చెప్పింది. తిండి పెట్టడానికి ప్రత్యేక స్థలాలు కేటాయించమంది. కేసు పరిధిని అన్ని రాష్ట్రాలకూ విస్తరించింది. నవంబరు 7న మరో ఆదేశం వచ్చింది. విద్యాసంస్థలు, ఆస్పత్రులు, క్రీడాప్రాంగణాలు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల నుంచి కుక్కలను తొలగించి, ఆపరేషన్, టీకాల తర్వాత షెల్టర్లకు తరలించాలనీ, తెచ్చినచోట వదలరాదనీ అందులో ఉంది.

చదవడానికి తేలికే. చరోదా లాంటి రైల్వే పట్టణంలో అమలు చేయాలంటే మొదటి ప్రశ్న: షెల్టర్ ఎక్కడ? నిత్యం వందల నోళ్లకు తిండి, నీళ్లు, మందులు, శుభ్రత చూసే సిబ్బంది ఎక్కడ? అవి లేకుండా తరలింపు మాత్రమే జరిగితే మిగిలేవి రెండే మార్గాలు. ఊరవతల, పక్క కార్పొరేషన్ పరిధిలో వదిలేయడం, లేదా ఇరుకు బోనుల్లో కుక్కి అవే చచ్చేలా చేయడం. మొదటిది సమస్యను పొరుగింటికి తోలడం. రెండోది చంపానని ఒప్పుకోకుండా చంపడం.

ఆదేశాలు కింది మెట్టుకు చేరేసరికి ఏమవుతాయో ఛత్తీస్‌గఢ్‌లోనే కనిపించింది. 2025 జులై చివర్లో బలోదాబజార్ జిల్లాలోని ఒక పాఠశాలలో కుక్క ముట్టిన మధ్యాహ్న భోజనాన్ని పిల్లలకు వడ్డించారన్న సంగతి బయటపడి, డెబ్బైమందికి పైగా పిల్లలకు రేబిస్ టీకాలు వేయాల్సి వచ్చింది. హైకోర్టు జోక్యం చేసుకుని ఒక్కో విద్యార్థికి రూ. 25 వేల పరిహారం చెల్లించమంది. ఆ ఏడాది నవంబరులో, సుప్రీంకోర్టు ఆదేశం తర్వాత, రాష్ట్ర విద్యాశాఖ చేసిన పని బడి ఆవరణలో కుక్కలను గమనించి కబురు చేసే బాధ్యతను ప్రధానోపాధ్యాయులకు అప్పగించడం. పాఠం చెప్పాల్సినవారు కుక్కలను కాపలా కాయాలా అని ఉపాధ్యాయ సంఘాలు మండిపడ్డాయి. వారి కోపంలో న్యాయముంది. కబురు అందుకున్నాక వచ్చి పనిచేసే యంత్రాంగం లేనప్పుడు కబురు చేసేవారిని ఎందరిని నియమిస్తే ఏం లాభం?

చంపితే పీడ విరగడవుతుందన్న వాదన కొత్తదేం కాదు. 1832లో బొంబాయిలో ఈస్టిండియా కంపెనీ పాలకులు వీధికుక్కలను చంపినవారికి బహుమానం ఇస్తామంటే పార్సీలు తిరగబడి నగరాన్ని స్తంభింపజేశారు. 1910లో ఇస్తాంబుల్ పాలకులు వేలాది కుక్కలను పట్టి తిండీ నీళ్లూ లేని దీవిలో వదిలేశారు. అవి ఒకదాన్నొకటి పీక్కుతిని చచ్చాయి. నగరంలో మాత్రం కుక్కలు మళ్లీ పుట్టుకొచ్చాయి. నూటపద్నాలుగేళ్ల తర్వాత, 2024లో, టర్కీ పార్లమెంటు ఆ సమస్య మీదే మరో కఠిన చట్టం చేయాల్సి వచ్చింది. మద్రాసు కార్పొరేషన్ దశాబ్దాల తరబడి కుక్కలను చంపించింది. 1960ల నుంచీ ఆపరేషన్లు చేయమని బ్లూక్రాస్ మొత్తుకుంటే 1996లో గానీ కరెంటు పెట్టి చంపడం మానలేదు.

కారణం జీవశాస్త్రంలో ఉంది. వీధికుక్కల సంఖ్యను నిర్ణయించేది వీధిలో దొరికే తిండి. చెత్తకుప్పలు, మాంసం దుకాణాల వ్యర్థాలు, క్యాంటీన్ల ఎంగిలి విస్తళ్లు అలాగే ఉండి కుక్కలు మాత్రం పోతే, ఆ ఖాళీలోకి పక్క వీధి కుక్కలు వస్తాయి. ఏడాదికి రెండు ఈతలు, ఈతకు నాలుగైదు పిల్లలు. ఖాళీ నిండడానికి ఎంతో కాలం పట్టదు. పైగా చనిపోయినవాటిలో టీకా వేయించుకున్నవీ ఉంటాయి. వాటి స్థానంలో వచ్చేవి టీకా లేనివి, ఆ వీధి మనుషులకు అలవాటు లేనివి. అంటే ఖర్చుపెట్టి మరీ రేబిస్‌కు దారి వేసినట్లు. పట్టి తొలగించడం ఒక్కటే కుక్కల సంఖ్యనుగానీ రేబిస్‌నుగానీ తగ్గించిందనడానికి ఆధారం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు 1990ల మొదట్లోనే తేల్చారు.

అయినా చంపడం ఆగలేదు. 2024 ఫిబ్రవరిలో మహబూబ్‌నగర్ జిల్లా పొన్నకల్‌లో ముసుగులు వేసుకున్న వ్యక్తులు అర్ధరాత్రి కారులో వచ్చి 20 కుక్కలను తుపాకితో కాల్చి చంపారు. పెంపుడు కుక్కపై వీధికుక్కలు దాడి చేశాయన్న కక్షే కారణమని తర్వాత పోలీసులు చెప్పారు. 2026 జనవరిలో తెలంగాణలోనే హనుమకొండ, కామారెడ్డి జిల్లాల పల్లెల్లో వందల కుక్కలను విషపు ఇంజెక్షన్లతో చంపించారన్న ఫిర్యాదులపై కేసులు నమోదయ్యాయి. వాటిలో సర్పంచుల పేర్లూ ఉన్నాయి. పంచాయతీ ఎన్నికల్లో కుక్కల బెడద తీరుస్తామన్న హామీని ఇలా తీర్చారన్నది ఆరోపణ. మొదటిది ఒక వ్యక్తి కక్ష. రెండోది అంతకంటే ప్రమాదకరం. అందులో ప్రజల నిజమైన భయం ఉంది, ఓటు ఉంది, ఎన్నికైన ప్రతినిధి ఉన్నాడు. లేనిదల్లా ఆ ప్రతినిధి చేతిలో సరైన మార్గం. ఆపరేషన్ కేంద్రం లేదు, వైద్యుడు లేడు, నిధులు లేవు. దొరికింది విషం.

చట్టాలు లేవా అంటే ఉన్నాయి. రాజ్యసభ సభ్యురాలిగా రుక్మిణీదేవి అరండేల్ 1950ల్లో ప్రవేశపెట్టిన బిల్లు ప్రేరణతో 1960లో జంతుహింస నిరోధక చట్టం వచ్చింది. 1962లో ఏర్పడిన జంతు సంక్షేమ మండలికి ఆమే తొలి అధ్యక్షురాలు. ఆ చట్టం కింద హింసకు తొలి తప్పుగా పడే జరిమానా 10 నుంచి 50 రూపాయలు. ఆనాటి 50 రూపాయలు ఒక మోతాదు. ఇవాళ అది టిఫిన్ ఖర్చు. శిక్ష పెంచేందుకు 2022లో కేంద్రం ముసాయిదా ప్రకటించిందిగానీ మూడేళ్లు గడిచినా అది చట్టం కాలేదు. 2024 జులై నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయసంహిత 325వ సెక్షన్ ప్రకారం జంతువును చంపినా, అంగవైకల్యం కలిగించినా ఐదేళ్ల దాకా జైలు శిక్ష వేయవచ్చు. ఇక కుక్కల నియంత్రణకు 2001లో చేసిన నిబంధనల స్థానంలో 2023 మార్చిలో కొత్తవి వచ్చాయి. ఆపరేషన్లు, టీకాల బాధ్యత స్థానిక సంస్థలదేనని అవి స్పష్టంగా చెబుతున్నాయి.

రాజ్యాంగంలోనూ మాట ఉంది. జీవుల పట్ల కరుణ పౌరుడి ప్రాథమిక విధి అన్న 51ఎ అధికరణాన్ని అందరూ ఉటంకిస్తారు. అంతకంటే పనికొచ్చేది పన్నెండో షెడ్యూలు. 74వ సవరణతో చేర్చిన ఆ షెడ్యూలులో పట్టణ స్థానిక సంస్థలకు అప్పగించదగ్గ 18 పనుల జాబితా ఉంది. అందులో ఆరోది ప్రజారోగ్యం, పారిశుద్ధ్యం, చెత్త నిర్వహణ. పదిహేనోది బందెలదొడ్లు, జంతుహింస నివారణ. వీధికుక్క సమస్య సరిగ్గా ఈ రెండింటి మధ్య కూర్చుంది. చెత్త ఎత్తడం ఎలాగో కుక్కపై హింసను ఆపడమూ అలాగే మునిసిపల్ విధి. పౌరుడికి కరుణ గురించి ఉపదేశించే ముందు కార్పొరేషన్ తన జాబితాను ఒకసారి చూసుకోవాలి.

ఆపరేషన్లతో ఫలితం ఉంటుందా? ఉంటుందనడానికి మన దేశంలోనే రుజువులున్నాయి. జైపూర్‌లో హెల్ప్ ఇన్ సఫరింగ్ సంస్థ 1994 నుంచి 2002 దాకా దాదాపు 25 వేల కుక్కలకు ఆపరేషన్లు చేసి టీకాలు వేసింది. ఆడకుక్కల్లో 65 శాతం దాకా ఈ పరిధిలోకి వచ్చాయి. కుక్కల సంఖ్య 28 శాతం తగ్గింది. కార్యక్రమం అమలైన ప్రాంతంలో మనుషుల రేబిస్ కేసులు సున్నాకు దిగాయి. 2013లో మొదలైన సామూహిక టీకా కార్యక్రమంతో గోవాలో 2019 నాటికి కుక్కల్లో రేబిస్ కేసులు 92 శాతం తగ్గాయని పరిశోధకులు లెక్కగట్టారు. పొరుగున ఉన్న భూటాన్ 2009లో మొదలుపెట్టి, లక్షన్నరకు పైగా కుక్కలకు ఆపరేషన్లు చేసి, వీధికుక్కలన్నిటికీ పని పూర్తయిందని 2023 అక్టోబరులో ప్రకటించింది. తెలుగువారికీ ఇది తెలియని విద్య కాదు. హైదరాబాద్‌లో అమల అక్కినేని 1992లో నెలకొల్పిన బ్లూక్రాస్, విశాఖలో 1996లో పుట్టిన వీఎస్పీసీఏ ఈ పనిలో ఏళ్ల తరబడి అనుభవం గడించాయి.

మరి ఆపరేషన్లు చేస్తున్నామంటున్న నగరాల్లో కుక్కలు ఎందుకు తగ్గలేదని అడగడం సబబే. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ అంబర్‌పేటలో నాలుగేళ్ల బాలుణ్ని కుక్కలు కరిచి చంపినప్పుడు ఈ ప్రశ్నే వచ్చింది. జవాబు శాతాల్లో ఉంది. ఒక ప్రాంతంలోని కుక్కల్లో కనీసం 70 శాతానికి తక్కువ వ్యవధిలో ఆపరేషన్, టీకా పూర్తయితేనే ఫలితం. నూటికి ఇరవైకి చేసి ఆపేస్తే మిగిలిన ఎనభై ఆ లోటును పూడుస్తాయి. ఖర్చయిన డబ్బు వృథా, జనానికి విధానం మీదే నమ్మకం పోతుంది. మన నగరాల్లో చాలావరకు జరిగింది ఇదే. సగం మందు మింగి జబ్బు తగ్గలేదని వైద్యుణ్ని తిట్టినట్లుంది.

చరోదా స్థాయిలో లెక్క వేసి చూద్దాం. లక్ష జనాభా గల పట్టణంలో మూడు వేల కుక్కలున్నాయని అనుకుందాం. డెబ్బై శాతమంటే 2,100. రోజుకు పది ఆపరేషన్ల చొప్పున నెలకు 25 పనిదినాలు చేస్తే 250. ఎనిమిదిన్నర నెలల్లో పని పూర్తవుతుంది. ఆపరేషన్ తర్వాత ఐదు రోజులు ఉంచుకోవాలన్నా యాభై అరవై గదుల కెన్నెల్ చాలు. ఒక శస్త్రవైద్యుడు, ఇద్దరు ముగ్గురు సహాయకులు, నొప్పి కలగకుండా వలతో పట్టడం నేర్చిన నలుగురు, ఒక బండి. ఆ తర్వాత ఏటా కొత్తగా వచ్చేవాటికి మాత్రమే. వేల కుక్కలను జీవితాంతం పోషించే షెల్టర్‌తో పోలిస్తే ఇదెంత? వైద్యులకు కరవూ లేదు. 2012లో స్థాపించిన కామధేను విశ్వవిద్యాలయం, దాని పశువైద్య కళాశాల ఇదే దుర్గ్ జిల్లాలోని అంజోరాలో ఉన్నాయి. శస్త్రచికిత్స నేర్చుకుంటున్న విద్యార్థులు ఒక పక్క, ఆపరేషన్లు కావాల్సిన కుక్కలు మరో పక్క. మధ్యలో లేనిది ఒప్పందపత్రం.

కుక్కల పట్ల జాలిపడేవారికీ ఇందులో బాధ్యత ఉంది. పక్కింటి గుమ్మం ముందు అన్నం పోసి, ఆ కుక్కకు ఆపరేషన్ అయిందో లేదో పట్టించుకోకపోవడం దయ అనిపించుకోదు. పిల్లలను కాపాడుకునే తల్లికుక్క, ఎదకొచ్చిన ఆడకుక్క వెంటపడే గుంపు - కాట్లలో చాలావాటికి మూలం ఇక్కడే. అన్నం పెట్టే చెయ్యే ఆ కుక్కను పట్టించగలిగేది కూడా. చెవి అంచు కత్తిరించి ఉంటే ఆపరేషన్ అయినట్లు గుర్తు. ఆ గుర్తు లేనివాటి జాబితా వీధివారీగా ఇవ్వగలిగేది వీరే.

కరిచాక ఏం జరుగుతోందన్నదీ అంతే ముఖ్యం. 2024లో దేశవ్యాప్తంగా 37 లక్షలకు పైగా కుక్కకాట్లు నమోదైనట్లు కేంద్రం పార్లమెంటుకు చెప్పింది. 2025లో లాన్సెట్ పత్రికల్లో ఒకటి ప్రచురించిన జాతీయ సర్వే ప్రకారం ఏటా 5,700 మందికి పైగా రేబిస్‌తో చనిపోతున్నారని అంచనా. జంతువు కరిచినవారిలో ఐదో వంతు మంది అసలు టీకానే వేయించుకోలేదు. మొదలుపెట్టినవారిలో దాదాపు సగం మంది పూర్తి చేయలేదు. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులన్న పాత భయం ఇంకా వదల్లేదు. ఆ టీకా ఆగిపోయి ఇరవై ఏళ్లు దాటింది. ఇప్పటిది చేతికి వేసే నాలుగైదు మోతాదులే. గాయాన్ని వెంటనే సబ్బుతో, ధారగా పడే నీటితో పదిహేను నిమిషాలు కడగాలి. పసరు, కారం పూయరాదు. రక్తం వచ్చేలా కరిస్తే టీకాతో పాటు గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబ్యులిన్ కూడా వేయించాలి. ఇది అన్ని ప్రభుత్వ ఆస్పత్రుల్లో దొరికేలా చూడటమూ కుక్కల విధానంలో భాగమే. కాటుకు మందు ఖాయంగా దొరుకుతుందన్న భరోసా ఉన్న ఊళ్లో కర్ర పట్టుకునే చేతులు తగ్గుతాయి.

2030 నాటికి కుక్కల ద్వారా సోకే రేబిస్‌ను నిర్మూలిస్తామని కేంద్రం 2021 సెప్టెంబరులో జాతీయ కార్యాచరణ ప్రణాళిక ప్రకటించింది. ఆ గడువు ఢిల్లీకి ఎంతో చరోదాకూ అంతే. ఇందుకు కొత్త చట్టం అవసరం లేదు. నాలుగు కార్పొరేషన్ల కమిషనర్లు, ఉక్కు కర్మాగారం టౌన్‌షిప్ అధికారులు, రైల్వే డివిజన్, పశువైద్య విశ్వవిద్యాలయం, జిల్లా ఆరోగ్యశాఖ ఒక బల్ల చుట్టూ కూర్చోవాలి. ఉమ్మడిగా కుక్కల లెక్క తీయాలి, ఒక ఆపరేషన్ కేంద్రం పెట్టాలి, నెలనెలా ఎన్ని చేశారో వార్డులవారీగా ప్రకటించాలి. ఆ సమావేశాన్ని పిలవగలిగిన అధికారి జిల్లా కలెక్టర్. వచ్చే కౌన్సిల్ సమావేశంలో బల్లలు గుద్దే సభ్యులు, కుక్కలను ఎప్పుడు తీసుకెళతారని కాకుండా, ఆ లెక్క ఎక్కడని అడిగితే పిల్లలకూ కుక్కలకూ కూడా మేలు చేసినవారవుతారు.